కొత్త వరసకు ఫార్ములా ఎలా చేరుతుంది?

ఓ పల్లెలోని పాల కేంద్రం లెక్క చూద్దాం. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట. పూటకు యాభై మంది పాలు పోస్తారనుకుంటే రోజుకు వంద పద్దులు, నెలకు మూడు వేలు. ఒక్కో పద్దులో తేదీ, పూట, రైతు నంబరు, లీటర్లు, ఫ్యాట్ ఉంటాయి. ఈ ఐదూ మనిషి టైపు చెయ్యాల్సినవి. లీటరు రేటు, మొత్తం అనే మిగతా రెండూ లెక్కకట్టి రాబట్టాల్సినవి. పాలలో కొవ్వు కాని ఘనపదార్థాల (ఎస్‌ఎన్‌ఎఫ్) గొడవ పక్కన పెట్టి, ఫ్యాట్ పాయింటుకు ఇంత అని ధర కట్టే సులువు పద్ధతినే ఈ అధ్యాయానికి తీసుకుందాం. పాయింటుకు 8 రూపాయలైతే, 6.8 ఫ్యాట్ వచ్చిన గేదె పాలు లీటరు 54 రూపాయల 40 పైసలు. నాలుగున్నర లీటర్లకు 244 రూపాయల 80 పైసలు.

మొదటి పద్దుకు ఈ లెక్క రాయడం ఎవరికైనా వస్తుంది. రేపు పొద్దున పాలు పోసే మనిషి వరసలో ఈ లెక్క ఎవరు రాయాలి? కేంద్రం నడిపే కుర్రాడు నిన్నటి వరసను మౌస్‌తో పట్టుకుని కిందికి లాగుతాడు. లాగడం మరిచిపోయిన రోజున ఆ సెల్ ఖాళీగా ఉండిపోతుంది, బిల్లు కట్టేనాటికి ఆ పూట పాలు లెక్కలోకి రావు. నెలకు మూడు వేల పద్దులు రాసేచోట ఎప్పుడో ఒకప్పుడు ఇది జరిగి తీరుతుంది. కుర్రాడి శ్రద్ధ మీద ఆధారపడే ఏర్పాటు ఏర్పాటే కాదు.

లాగినప్పుడు లోపల జరిగేదేమిటో ముందు చూద్దాం. షీటులో ఎ నుంచి ఇ దాకా ఐదు కాలమ్‌లు టైపు చేసినవి. ఎఫ్‌లో లీటరు రేటు, జిలో మొత్తం. పాయింటు ధర అందరికీ ఒకటే కాబట్టి దాన్ని ఓ పక్కన జె1 సెల్‌లో రాసిపెట్టారు. ఒకటో వరసలో శీర్షికలు. రెండో వరసలో ఎఫ్2 దగ్గర =ఇ2*జె1, జి2 దగ్గర =డి2*ఎఫ్2. రెండూ సరిగ్గానే పనిచేస్తాయి. ఇప్పుడు వాటిని మూడో వరసలోకి లాగండి. జి3లో =డి3*ఎఫ్3 వస్తుంది, బాగుంది. ఎఫ్3లో మాత్రం =ఇ3*జె2 వస్తుంది. జె2లో ఏమీ లేదు. గుణకారంలో ఖాళీ సెల్‌ను సున్నాగా తీసుకోవడం స్ప్రెడ్‌షీట్ల అలవాటు. అంచేత మూడో వరస రైతు పాలు లీటరు సున్నా రూపాయలు, మొత్తం సున్నా.

ఇందులో కంప్యూటర్ తప్పేమీ లేదు. ఎఫ్2లోని ఫార్ములా మనకు ఇ2 అని చూపిస్తున్నా, అది గుర్తుపెట్టుకునేది ‘నాకు ఎడమ పక్క సెల్’ అన్న సంగతిని. జె1 అంటే దాని దృష్టిలో ‘నాకు కుడివైపు నాలుగు సెల్‌ల అవతల, ఒక వరస పైన’. ఇల్లెక్కడని అడిగితే డోరు నంబరు చెప్పడం ఒక పద్ధతి, ‘మా ఎడమ పక్కిల్లే’ అనడం ఇంకో పద్ధతి. రెండో మాట చెప్పినాయన ఇల్లు మారితే, ఆ మాట చూపించే ఇల్లూ మారిపోతుంది. లీటర్లు, ఫ్యాట్ విషయంలో మనకు రెండో పద్ధతే కావాలి, ఎందుకంటే ఏ రైతు పాలు ఆ రైతువే. పాయింటు ధరకు మాత్రం డోరు నంబరే కావాలి. అందుకే జె1కు బదులు $జె$1 అని రాస్తారు. డాలర్ గుర్తు కాలమ్ అక్షరం ముందుంటే కాలమ్‌ను, వరస సంఖ్య ముందుంటే వరసను కదలనివ్వదు. మనం లాగేది కిందికే కాబట్టి జె$1 అన్నా సరిపోతుంది.

దీన్ని కళ్ళారా చూడాలంటే ఎక్సెల్ ఆప్షన్లలో ఫార్ములాల విభాగానికి వెళ్ళి ‘ఆర్1సి1 రెఫరెన్స్ స్టైల్’ అన్నచోట టిక్కు పెట్టండి. కాలమ్‌ల పైనున్న అక్షరాలు పోయి అంకెలొస్తాయి. జి2లో ఉన్న ఫార్ములా =ఆర్‌సి[-3]*ఆర్‌సి[-1] అని కనబడుతుంది. ఇదే వరసలో మూడు కాలమ్‌ల ఎడమనున్నదాన్ని, ఒక కాలమ్ ఎడమనున్నదానితో గుణించు అని అర్థం. కింది వరసకు వెళ్ళి చూడండి, అదే ఉంటుంది. మూడువేలో వరసకు వెళ్ళండి, అక్షరం తేడా లేకుండా అదే. ఇన్నాళ్ళూ మూడు వేల ఫార్ములాలు అనుకున్నది నిజానికి ఒక్క ఫార్ములా. 1982లో వచ్చిన మైక్రోసాఫ్ట్ తొలి స్ప్రెడ్‌షీట్ మల్టీప్లాన్ ఈ పద్ధతిలోనే రాసేది. చదవడానికి కాస్త చేదుగా ఉన్నా నిజాన్ని దాచని పద్ధతి అది. జనానికి నచ్చింది మాత్రం ఎ1, బి2ల పద్ధతే.

అంతకు మూడేళ్ళ ముందు, 1979లో, ఆపిల్ టూ కంప్యూటర్ మీద విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ వచ్చింది. అంతకు ముందు ఏడాది హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుతున్న డాన్ బ్రిక్లిన్, నల్లబల్ల మీద ఓ పట్టిక గీసి లెక్కలు నడిపిస్తున్న ప్రొఫెసర్‌ను చూశాడు. ఒక్క అంకె మారితే, దాని మీద ఆధారపడ్డ అంకెలన్నీ చెరిపి మళ్ళీ రాయాల్సి వస్తోంది. ఆ చెరిపిరాతను యంత్రానికి అప్పగిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కడ పుట్టింది. బాబ్ ఫ్రాంక్‌స్టన్ ప్రోగ్రాం రాశాడు. విసికాల్క్‌లో మొత్తం 254 వరసలు, 63 కాలమ్‌లు. అందులో ఫార్ములాను కిందికి దించడానికి ‘రెప్లికేట్’ అనే కమాండ్ ఉండేది. మీరు కాపీ చేస్తున్న ఫార్ములాలో ఎన్ని సెల్‌ల పేర్లుంటే అన్నింటి దగ్గరా ఆగి, దీన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచాలా, కొత్త చోటికి తగ్గట్టు మార్చాలా అని అడిగేది. ఒక మీట నొక్కితే మార్పు లేదు, ఇంకోటి నొక్కితే మార్పు ఉంది. విసుగే, కానీ మూడో వరస రైతుకు సున్నా రాకుండా అడ్డుకునే విసుగు. 1983లో వచ్చిన లోటస్ 1-2-3లో ఈ ప్రశ్న లేదు, జవాబు ఫార్ములాలోనే డాలర్ గుర్తుగా ఉండేది. ప్రశ్న అడగడం మానేశాక జవాబు చెప్పడం మనమూ మరిచిపోతున్నాం.

ఇంకొంచెం లోపలికి వెళ్ళాలనుకునేవాళ్ళు ఎక్సెల్ ఫైలుకు ఒక కాపీ తీసి, దాని పేరు చివరనున్న ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ తీసేసి జిప్ అని పెట్టి తెరవండి. ఎక్సెల్ ఫైలంటే నిజానికి కొన్ని ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్ళ మూట. షీటు తాలూకు ఫైల్లో, లాగి నింపిన కాలమ్ దగ్గర తరచుగా కనబడేదేమిటంటే: మొదటి సెల్‌లో ఫార్ములా పూర్తిగా ఉంటుంది, అది ఎక్కడినుంచి ఎక్కడిదాకా వర్తిస్తుందో ఉంటుంది, కింది సెల్‌లలో ‘నాదీ అదే’ అని చెప్పే ఒక నంబరు ఉంటుంది. దీన్ని షేర్డ్ ఫార్ములా అంటారు. అంటే ఒకే సూత్రమన్న సంగతి ఎక్సెల్‌కు తెలుసు. తెలిసి కూడా, ఆ సూత్రం పరిధి నిన్న మనం లాగి ఆపిన చోటే ఆగిపోతుంది. ఈ రోజు రాసిన వరస దాని కిందికి రాదు.

ఆ పరిధిని దానంతట అది పెరిగేలా చెయ్యడానికి జనం ముందుగా పట్టుకునేది ఓ అడ్డదారి. వెయ్యి వరసల దాకా ముందే ఫార్ములా లాగి పెట్టేస్తారు. ఖాళీ వరసల్లో సున్నాలు కనబడకుండా =ఇఫ్(ఎ2="","",డి2*ఎఫ్2) అని రాస్తారు. తేదీ వేస్తే లెక్క కనబడుతుంది, వెయ్యకపోతే సెల్ తెల్లగా ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ తెల్ల సెల్ ఖాళీ కాదు, అందులో అక్షరాలేవీ లేని వాక్యం ఒకటుంది. సమ్ దాన్ని పట్టించుకోదు కాబట్టి సరిపోయింది. కౌంట్‌ఎ మాత్రం లెక్కపెడుతుంది, పద్దులు వందే ఉన్నా వెయ్యి అంటుంది. జి2+జి3 అని నేరుగా కూడితే, అందులో ఒకటి ఇలాంటి తెల్ల సెల్ అయితే, #వాల్యూ! అని మొహాన కొడుతుంది. చివరి పద్దు దగ్గరికి ఒక్క దూకులో వెళ్దామని కంట్రోల్, ఎండ్ నొక్కితే వెయ్యో వరసకు తీసుకెళ్ళి దించుతుంది. వెయ్యిన్నొకటో పద్దు వచ్చిన రోజున కథ మళ్ళీ మొదటికే వస్తుంది.

ఎక్సెల్ తనంతట తానుగా చేసే సాయం ఒకటుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో ‘డేటా పరిధి ఫార్మాట్లను, ఫార్ములాలను పొడిగించు’ అనే టిక్కు ఉంటుంది, మామూలుగా పెట్టే ఉంటుంది. కొత్త వరసకు పైనున్న అయిదు వరసల్లో కనీసం మూడింటిలో అదే ఫార్ములా ఉంటే, ఇక్కడా అదే కావాలి కాబోలు అని ఎక్సెల్ ఊహించి వేస్తుంది. ఊహ కుదిరినప్పుడు మాయలా ఉంటుంది, కుదరనప్పుడు చెప్పాపెట్టకుండా ఊరుకుంటుంది. డబ్బు లెక్కకు ఊహ పనికిరాదు. దాన్ని నమ్ముకుని షీటు తయారుచెయ్యవద్దనే నా సలహా.

నమ్ముకోదగ్గది టేబుల్. 2007 ఎక్సెల్‌తో ఇప్పుడున్న రూపానికి వచ్చింది. పద్దుల్లో ఏదో ఒక సెల్ మీద నిలబడి కంట్రోల్, టి నొక్కండి. శీర్షికలున్నాయా అని అడుగుతుంది, ఉన్నాయనండి. ఇప్పుడది మామూలు సెల్‌ల గుంపు కాదు, పేరున్న పట్టిక. పేరు ‘పాలు’ అని పెట్టుకోవచ్చు. మొత్తం కాలమ్‌లో ఏదో ఒక సెల్‌లో =[@లీటర్లు]*[@రేటు] అని రాస్తే కాలమ్ అంతా నిండుతుంది. @ అంటే ఈ వరసలోది అని. మన శీర్షికలు తెలుగులో ఉంటే ఫార్ములా కూడా తెలుగులో చదువుకోవచ్చు. చివరి వరస చివరి సెల్‌లో ట్యాబ్ మీట నొక్కినా, పట్టిక అడుగును ఆనుకుని కొత్త తేదీ టైపు చేసినా పట్టిక ఒక వరస పెరుగుతుంది, రేటు, మొత్తం వాటంతటవే దిగుతాయి. లాగాల్సిన పనే లేదు.

ఇందాకటి జిప్ మూట ఇప్పుడు మళ్ళీ విప్పితే తేడా తెలుస్తుంది. పట్టిక కోసం విడిగా ఓ ఫైలు ఉంటుంది. అందులో ఒక్కో కాలమ్‌కు ఒక్కో నమోదు. మొత్తం అనే కాలమ్ నమోదులో ‘కాలిక్యులేటెడ్ కాలమ్ ఫార్ములా’ అన్న ట్యాగు, దాని లోపల మన సూత్రం. సెల్‌లలో ఉండే ప్రతులు ఉంటూనే ఉన్నా, సూత్రానికి సొంతదారు ఇప్పుడు కాలమ్. రేపు పుట్టబోయే వరస దాన్ని అక్కడినుంచి తెచ్చుకుంటుంది. ఈ అధ్యాయంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. సూత్రాన్ని సెల్‌కు చెబితే ఆ సెల్‌తో ఆగుతుంది, కాలమ్‌కు చెబితే రాబోయే వరసలకూ వర్తిస్తుంది.

టేబుల్ కూడా మొరాయిస్తుంది, ఎప్పుడో తెలిసుంటే మంచిది. ఎవరూ చెడగొట్టకుండా షీటుకు ప్రొటెక్షన్ పెడితే పట్టిక పెరగదు. భద్రతా కావాలి, పెరుగుదలా కావాలి అంటే రెండూ ఒకే షీటులో కుదరవు. ఇంకోటి, ఫార్ములా కాలమ్ అంతా నిండగానే పక్కన మెరుపు గుర్తున్న చిన్న బొమ్మ వస్తుంది. అందులో ‘ఇలా నింపడం ఆపెయ్’ అనే అర్థమొచ్చే వరుస ఉంటుంది. చెయ్యి జారి అది నొక్కితే ఆ ఒక్క పట్టికకే కాదు, ఇకమీదట ఏ పట్టికలోనూ నింపదు. ‘నాకు ఎక్సెల్‌లో ఆటోమేటిక్‌గా రావడం లేదండీ’ అని వాపోయేవాళ్ళలో కొందరి జబ్బు ఇదే. ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ దారిలో వెళ్ళి మళ్ళీ టిక్కు పెడితే నయమవుతుంది. ఇక మూడోది మనుషుల తప్పు: ఓ రైతు వచ్చి గొడవపడితే, ఫార్ములా మీదే 250 అని కొట్టెయ్యడం. సెల్ మూలన ఆకుపచ్చ త్రిభుజం వస్తుంది, దాన్నెవరు చూస్తారు? సర్దుబాటుకు విడిగా ఓ కాలమ్ పెట్టుకుని అందులో ఎంత తేడానో రాస్తే గొడవా తీరుతుంది, ఫార్ములా కూడా బతుకుతుంది.

గూగుల్ షీట్స్‌లో దారి వేరు. ముఖ్యంగా గూగుల్ ఫారంతో వివరాలు సేకరించేవాళ్ళకు ఒక వింత ఎదురవుతుంది. జవాబుల షీటులో ముందే కింది దాకా ఫార్ములా లాగి పెట్టినా, కొత్త జవాబు వచ్చినప్పుడు దాని పక్క సెల్ ఖాళీగానే ఉంటుంది. కారణం, ఫారం జవాబును ఉన్న ఖాళీ వరసలో రాయదు, కొత్త వరసను మధ్యలో చొప్పిస్తుంది. మన ఫార్ములాలు ఒక మెట్టు కిందికి జరిగిపోతాయి. దీనికి మందు అర్రేఫార్ములా. రెండో వరసలో ఒక్కచోట =అర్రేఫార్ములా(ఇఫ్(ఎ2:ఎ="","",డి2:డి*ఎఫ్2:ఎఫ్)) అని రాస్తే కాలమ్ చివరిదాకా ఒక్కటే సూత్రం పాకుతుంది. డి2:డి అన్నదానికి అడుగు లేదు కాబట్టి ఎన్ని వరసలొచ్చినా లోపలే ఉంటాయి. దాన్ని శీర్షిక ఉన్న ఒకటో వరసలోనే పెట్టి, శీర్షికను కూడా ఫార్ములాతోనే రాబడితే, ఎవరో రెండో వరసను చెరిపినా సూత్రం పోదు. చిక్కల్లా సమ్, ఆండ్, ఆర్ లాంటివాటితో. అవి వరస వరసకూ విడివిడిగా జవాబివ్వవు, ఉన్నదంతా ఒక్క ముద్ద చేసి ఒకే జవాబిస్తాయి. అక్కడ బైరో, మ్యాప్ అనేవి వాడుకోవాలి. 2018లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన డైనమిక్ అర్రేలదీ ఈ దారే, కాకపోతే అవి టేబుల్ లోపల పనిచెయ్యవు, కింద ఏదైనా అడ్డుంటే #స్పిల్! అంటాయి.

వరస కిందికి సూత్రం దిగితే సరిపోదు, ఆ వరస మొత్తాల్లోకి కూడా రావాలి. అలా రాని వరసల కథల్లో పేరుపడ్డది కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగోఫ్ అనే ఆర్థికవేత్తల 2010 వ్యాసం. జీడీపీలో 90 శాతం దాటి ప్రభుత్వ అప్పున్న దేశాల్లో సగటు వృద్ధి రేటు మైనస్ 0.1 శాతం అని అది చెప్పింది. ప్రభుత్వాలు ఖర్చు తగ్గించుకోవాలని వాదించేవాళ్ళు దాన్ని తెగ ఉదహరించారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హర్స్ట్‌లో చదువుతున్న థామస్ హెర్న్‌డన్, వాళ్ళ అసలు ఎక్సెల్ షీటు తెప్పించుకుని చూశాడు. దేశాలు 30వ వరస నుంచి 49వ వరస దాకా ఉన్నాయి, సగటు ఫార్ములా 30 నుంచి 44 దాకా మాత్రమే చూస్తోంది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ బయటుండిపోయాయి. అతనూ, అతని అధ్యాపకులు మైకేల్ ఆష్, రాబర్ట్ పోలిన్ అన్నీ సరిచేసి లెక్కకడితే సగటు 2.2 శాతం వచ్చింది. ఆ తేడాలో ఎక్కువ భాగం డేటా ఎంపికలో, దేశాలకిచ్చిన తూకంలో ఉన్న అభిప్రాయభేదాలది. ఎక్సెల్ పరిధి పొరపాటు వంతు చిన్నదే. అయినా ఆ పొరపాటునే లోకం గుర్తుపెట్టుకుంది, ఎందుకంటే దాన్ని ఎవరైనా అర్థం చేసుకోగలరు, ఎవరి షీటులోనైనా అది ఉండొచ్చు. మన పాల లెక్కలో =సమ్(జి2:జి3001) అని కాకుండా =సమ్(పాలు[మొత్తం]) అని రాస్తే, పట్టిక ఎంత పొడుగైతే మొత్తమూ అంత పొడుగు.

అసలు వరసే షీటులోకి రాకపోతే ఏ సూత్రమూ ఏమీ చెయ్యలేదు. 2020 సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 మధ్య ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కలోంచి జారిపోయాయి. పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో 65,536 వరసలే పడతాయి, ఒక్కో కేసుకు ఒకటికి మించి వరసలు కావాల్సొచ్చాయి, నిండిపోయాక వచ్చినవి లోపలికి రాలేదు. 2007 తర్వాతి ఫార్మాట్‌లో 10,48,576 వరసలున్నాయి. పాల కేంద్రానికి ఇరవై ఏళ్ళకు పైగా సరిపోతాయి.

ఇక అన్నింటికన్నా మెత్తగా కోసే కత్తి ఒకటుంది. అది సూత్రం సరిగ్గా పనిచేస్తున్నప్పుడే కోస్తుంది. పదహారో తేదీ నుంచి పాయింటు ధర 8 రూపాయల నుంచి 8 రూపాయల పావలాకు పెరిగిందనుకోండి. కుర్రాడు $జె$1లో 8 తీసి 8.25 వేస్తాడు. కొత్త వరసలన్నీ కొత్త రేటుతో వస్తాయి. పాత వరసలూ కొత్త రేటుకు మారిపోతాయి! మొదటి పదిహేను రోజుల బిల్లు ఈపాటికి చెల్లించేశారు, రైతుల చేతుల్లో చీటీలున్నాయి, షీటు మాత్రం వేరే మొత్తం చూపిస్తోంది. డాలర్ గుర్తు చోటును కట్టిపడేస్తుంది, కాలాన్ని కాదు. కాబట్టి ధరను ఒక్క సెల్‌లో పెట్టకూడదు. ‘రేట్లు’ అని రెండు కాలమ్‌ల చిన్న పట్టిక పెట్టాలి: ఏ తేదీ నుంచి, ఎంత ధర. పాల పట్టికలో ప్రతి వరసా తన తేదీ పట్టుకుని అక్కడికెళ్ళి, ఆ తేదీకి అమల్లో ఉన్న ధర తెచ్చుకోవాలి. ఎక్స్‌లుకప్‌లో అయిదో స్థానంలో -1 వేస్తే, సరిగ్గా ఆ తేదీ దొరకనప్పుడు దానికి ముందున్న దగ్గరి తేదీ తీసుకుంటుంది. పాత ఎక్సెల్ ఉన్నవాళ్ళు విలుకప్ చివర ట్రూ అని పెట్టుకోవచ్చు, అప్పుడు రేట్ల పట్టికలో తేదీలు పాతవి పైన, కొత్తవి కింద ఉండి తీరాలి. ఇలా చేసిన షీటులో ధర మారడమంటే రేట్ల పట్టికకు ఒక కొత్త వరస చేరడం, అంతే. పాత అంకెను ఎవరూ దిద్దరు.

మీ దగ్గర ఏళ్ళ తరబడి వాడుతున్న షీటు ఒకటి ఉండే ఉంటుంది: చిట్టీల లెక్కో, అద్దెలదో, జీతాలదో. దానికి కాపీ తీసి తెరవండి. కంట్రోల్ పట్టుకుని, కీబోర్డు మీద ఒకటి అంకెకు ఎడమ పక్కనున్న మీట నొక్కండి. అంకెల స్థానంలో ఫార్ములాలు కనబడతాయి. ఒక్కో కాలమ్‌నూ పైనుంచి కిందికి చదువుకుంటూ రండి. ఫార్ములా ఉండాల్సిన చోట అంకె ఉందా, డాలర్ ఉండాల్సిన చోట లేదా, మొత్తం కట్టే పరిధి చివరి పద్దు దాకా వచ్చిందా చూడండి. చూడ్డం అయ్యాక అదే మీటలు మళ్ళీ నొక్కితే అంకెలు వెనక్కి వస్తాయి.